తలుపు కడియము పలుకు విధము

“సార్, తలుపు ఒక్కటే గదా? చెయ్యితోని కొడ్తె దబదబ అంటది, గొళ్ళెంతోని కొడ్తె టకటక అంటది. ఎందుకు?” అని ఉట్నూరు తరగతిలో ఒక విద్యార్థిని యడిగిన ప్రశ్నకు సమాధానము వెదకబోగా, ఐరోపా ప్రాచీన నగరముల ద్వారములపై సింహముఖములుగా, మత్స్యములుగా వ్రేలాడు కంచు కడియములు మొదలుకొని, జైనూరు మండలమందలి ఉషేగామున ఇత్తడి ప్రతిమలు పోతపోయు ఓజాల కొలుముల వరకు నా యాలోచన సాగినది.

తాకిన వస్తువు తలుపును విడువక నిలుచు కాలమే ధ్వని స్వభావమును నిర్ణయించును. మాంసలమగు పిడికిలి కొయ్యకు క్షణకాల మదిమియుండుటచే మంద్రకంపనములే పుట్టును. కఠినమగు లోహకడియమో, తన క్రింది బొడిపెను తాకినదే తడవుగా వెనుకకు ఎగురును. తాడన మెంత హ్రస్వమో తారస్థాయి కంపనము లంత యధికము. మానవుని చెవియు సెకనుకు 2000 మొదలు 5000 వరకుగల కంపనములయందే మిక్కిలి సూక్ష్మగ్రాహి. కావుననే పెరటిలో పనిచేసికొనుచున్న గృహిణికి పిడికిలి చప్పుడు వినబడకున్నను కడియపు చప్పుడు వినబడును. అయితే గాలిని కదలించుటకు తగిన వైశాల్య మా చిన్న లోహఖండమునకు లేదు. తంత్రికి వీణకుండ యెట్టిదో, కడియమునకు తలుపుపలక యట్టిది.

ఈ రహస్యమును ఇరాను దేశపు యజ్దు నగరవాసు లెంత చక్కగా వినియోగించుకొనిరి! పురుషులకు బరువైన దండమును, స్త్రీలకు తేలికైన కడియమును ఒకే ద్వారమునకు అమర్చుటచే, వచ్చినవా రెవరో లోపలివారు తలుపు తెరువకయే గ్రహించెడివారు. నాకు ఇంతకంటె ముచ్చటైన ద్వారయంత్రము మరియొకటి తోచదు.

రూపమునందు మాత్రము ఐరోపావారిదే పైచేయి. ఆఖెన్ దేవాలయమున క్రీ.శ. 800 ప్రాంతపు కంచు తలుపులపై సింహముఖములు నేటికిని గలవు. ఇంగ్లండులోని డర్హమ్ ప్రధాన దేవాలయమున 12వ శతాబ్దపు వికృతముఖమొకటి కడియమును నోట గరచియుండెడిది. దానిని తట్టి శరణుజొచ్చిన యపరాధికి 37 దినముల యభయము లభించెడిది. ఆ 12వ శతాబ్దముననే థియోఫిలస్ అను సన్న్యాసి మైనముతో మూసచేసి లోహము పోయు విధమును తన గ్రంథమున వర్ణించెను.

ఆ విద్యయే ఉషేగామున, కెస్లాగూడమున ఓజాల చేతులలో జీవించియున్నది. 10.5 సెంటీమీటర్ల మొహెంజొదారో నర్తకీప్రతిమ సైతము దీనికి ప్రాచీన నిదర్శనమే. మట్టిముద్దపై తేనెమైనపు సన్నని తీగలను చుట్టి, కన్నులు, కంఠహారములు దిద్ది, మెత్తని బంకమన్నును పూసి, దానిపై ఊక కలిపిన మన్నును దట్టముగా మెత్తుదురు. మైనము 63 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున కరగును; ఇత్తడికి 900 డిగ్రీలు దాటవలెను. ఈ మహాంతరముననే యీ విద్య యంతయు నిలిచియున్నది: మూసను కాల్చగా మైనము స్రవించి, మట్టి గట్టిపడి, మైనము విడిచిన యా శూన్యమునందు ఇత్తడి నిండును. మెత్తని మన్ను మైనముపైని వ్రేలిముద్రను సైతము గ్రహించును. కాలిన ఊక విడిచిన రంధ్రముల గుండ వాయువులు వెలికిపోవును. పిమ్మట మూసను పగులగొట్టవలసినదే. కావున ఏ రెండు ప్రతిమలును సర్వసమములు కావు.

జోసెఫ్ హెన్రీ 1831లో విద్యుత్ గంటను మ్రోగించిన పిమ్మట క్రమముగా కడియములు అలంకారమాత్రములయ్యెను. ఓజాల యీ పోతవిద్యకు మాత్రము ఆదిలాబాదు డోక్రా యను పేర 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఓజాలు నేటికిని గోండుల దేవతాప్రతిమలను, గంటలను, దీపములను పోయుచున్నారు.

ఉట్నూరు ఇండ్ల తలుపులకు వీరిచేత నెమలిముఖపు కడియములు పోయించవలెనని నా గాఢమైన కోరిక. ముఖమునందు మట్టిగర్భము ఉండినను బాధలేదు. తాకెడి కడియమును, క్రింది బొడిపెను మాత్రము ఘనమైనముతో చేసి ఘనముగానే పోయవలెను, ఏలయన లోపల మట్టి మిగిలినచో కంపనమును అదియే మ్రింగివేయును.