తలనొప్పి రోజురోజుకూ పెరుగుతోందా? మెదడు సిరల్లో గడ్డ కావచ్చు

శివరాత్రి దాటితే పల్నాడులో ఎండ ముదురుతుంది. రెంటచింతల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మిరప కోతలు మాత్రం ఆ ఎండలోనే సాగుతాయి. అప్పుడు ఎవరికైనా తలనొప్పి, వాంతులు వస్తే ఎండదెబ్బ అనో, పురుగుమందు వాసన పడలేదనో అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. అయితే ఆ తలనొప్పి రెండు మూడు రోజులైనా తగ్గక పెరుగుతూ పోతుంటే, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి.

సాగర్ కాలువ కింద మాగాణి చేసేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మెదడుకు రక్తం తెచ్చే ధమని నీరు పెట్టే కాలువ లాంటిది. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిర మురుగు కాలువ లాంటిది. నీటి కాలువ పూడితే మడి ఎండుతుంది. పక్షవాతం ఎక్కువగా ఇలా వచ్చేదే. మురుగు కాలువ పూడితే నీరు మడిలోనే నిలిచి, చివరకు గట్టు తెగుతుంది. సిర మూసుకుంటే మెదడు వాచేదీ, కొందరికి లోపల రక్తస్రావం అయ్యేదీ ఇందుకే.

పురుగుమందు విషం ఎక్కితే సాధారణంగా కొన్ని గంటల్లోనే చొంగ, చెమటలు, కంటిపాప చిన్నదవడం కనిపిస్తాయి. ఎండదెబ్బకు ఒళ్లు కాలిపోతుంది. గడ్డ వల్ల వచ్చే తలనొప్పి తరచూ పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు, వంగినప్పుడు ఎక్కువవుతుంది. దానికి తోడు చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు.

బాలింతల విషయంలో మొదటి ఆరు వారాలు మరింత జాగ్రత్త. నీళ్లు తక్కువ తాగాలనే పథ్యం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది, అది మానేయండి. గర్భనిరోధక మాత్రలు, పండగలకు నెలసరి వాయిదా వేసే మాత్రలు డాక్టరు చెప్పకుండా వాడొద్దు. ఇది ఆడవాళ్లకే వచ్చే జబ్బూ కాదు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించిన 428 మంది రోగుల వివరాల్లో మగవాళ్లే ఎక్కువ. రక్తహీనత, మద్యం అలవాటు కూడా కారణాల్లో ఉన్నాయి.

మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నా ఊరుకోకండి. సిరలను చూపించే వెనోగ్రఫీ వేరే ఉంటుంది, సీటీతోనో ఎంఆర్‌ఐతోనో తీస్తారు. ప్రసవమైన తేదీ, వాడుతున్న మాత్రలు, కొట్టిన పురుగుమందు పేరు డాక్టరుకు తప్పక చెప్పండి.

మొదట హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మెదడులో రక్తస్రావం ఉంటే రక్తం పలచబరిచే మందు ఎందుకని ఇంటివాళ్లు కంగారుపడి ఆపమంటారు. ఆపించకండి. గట్టు తెగిందంటే ముందు మురుగు కాలువ తెరవాలి కదా! ఈ జబ్బులో ఆ మందు పనీ అదే.

తర్వాత మూడు నెలల నుంచి ఏడాది దాకా మాత్రలు వాడాల్సి రావచ్చు. వాటిలో వార్ఫరిన్ ఒకటి. పొలంలో ఎలుకలకు పెట్టే బ్రోమోడయోలోన్ కూడా రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఈ పద్ధతిలోనే. భయపడమని చెప్పడం లేదు, మోతాదు ఎంత ముఖ్యమో తెలియాలని చెబుతున్నాను. డాక్టరు చెప్పిన తేదీకి ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించండి. ఆకుకూరలు మానొద్దు, అయితే ఒక వారం రోజూ తిని మరో వారం అసలు తినకుండా ఉండొద్దు. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి మాత్రలు మింగొద్దు. మలం నల్లగా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ గర్భం కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.