ఎర్ర గొంతు కాదు, తోక చూడండి

కువైట్‌లో అడవిపిట్ట ఏమిటంటారా? తూర్పు యూరప్ అడవుల్లో, కాకసస్ కొండల్లో గూడు కట్టే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ చలికాలానికి మన ఇండియా వెళుతుంది. దారిలో కొన్ని ఇక్కడి తోటల్లో, పార్కుల్లో ఆగుతాయి. పిచ్చుక కంటే చిన్నది, బరువు సుమారు 10 గ్రాములు.

పేరు చూసి ఎర్ర గొంతు కోసం వెతక్కండి. అది ఎదిగిన మగదానికే. ఆడవీ, ఆ ఏడు పుట్టిన పిల్లలూ వట్టి గోధుమరంగు. తోక పైకి ఎగరేసినప్పుడు చూడండి: నల్ల తోక మొదట్లో, రెండు పక్కలా తెల్ల మచ్చలు. దగ్గరి చుట్టం టైగా ఫ్లైక్యాచర్‌కీ ఇవే మచ్చలుంటాయి. అప్పుడు ముక్కు చూడాలి. కింది ముక్కు మొదలు లేతగా ఉంటే మనది, మొత్తం నల్లగా ఉంటే టైగా.

ఇసుక మధ్య ఆ నాలుగు చెట్లే దానికి పురుగులు దొరికే మజిలీ. పిట్ట పేరు తెలిస్తే, కొమ్మలు కొట్టేసేవాళ్ళని కాస్త ఆగమనడానికి మనకో కారణం దొరుకుతుంది.