పాదం జారితే నడుము చూడండి

బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. యూట్యూబ్‌లో పాఠాలకూ కొదవ లేదు. అందుకే ఇంజనీరింగ్ చదువుతూనే ఇంట్లో కూర్చుని యానిమేషన్ బొమ్మల్ని నడిపించేవాళ్లు బాగా పెరిగారు. నేను గేమ్‌లకు కోడ్ రాస్తాను కాబట్టి తెలిసిన కుర్రాళ్లు "అన్నా, ఒకసారి చూడవా" అంటూ వీడియోలు పంపుతుంటారు. తిరగేసి చూస్తే అన్నిట్లోనూ అవే జబ్బులు.

ఎక్కువగా కనిపించేది పాదం జారడం. బొమ్మ నడుస్తుంటుంది, కానీ పాచి పట్టిన గచ్చు మీద నడిచినట్టు నేలకు ఆనిన కాలు జరుగుతూనే ఉంటుంది. పాపం, రాత్రంతా ఆ కాలినే సరిచేస్తూ కూర్చుంటారు. చిన్న లెక్క వేస్తే సరిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు. అడుగుకు 12 ఫ్రేములైతే సెకనుకు రెండడుగులు. అడుగు పొడవు 60 సెంటీమీటర్లు అనుకుంటే ఒళ్లు సెకనుకు 120 సెంటీమీటర్లే ముందుకెళ్లాలి. మీరు 150 లాగితే కాలు జారక ఏం చేస్తుంది?

మోకాలు టక్కున బిగుసుకోవడం ఇంకోటి. పాదం ఎక్కడుండాలో మనం చెబితే మోకాలి వంపును కంప్యూటరే లెక్కగడుతుంది. కాలు పూర్తిగా చాచుకునే దశలో నడుము కొంచెం కదిలినా ఆ వంపు ఒక్కసారిగా మారిపోతుంది. మోకాలి జోలికి పోకండి. నడుమును కాస్త కిందికి దించండి, చాలు.

మొన్న ఒక తమ్ముడు, మూడుచోట్ల షోరీల్ నచ్చలేదన్నారని, ఇంట్లో అప్పు చేయించి ఖరీదైన కోర్సులో చేరతానన్నాడు. వీడియో తెప్పించుకుని చూశా. బొమ్మ గోడ మీంచి దూకుతోంది, బెలూన్‌లా దిగుతోంది. 1.2 మీటర్ల ఎత్తు నుంచి ఏది పడినా దాదాపు అర సెకను, అంటే 12 ఫ్రేములు. వీడి బొమ్మకు 29 పట్టింది. చంద్రుడి మీద అయితే సరిగ్గా సరిపోయేది! పైగా నేల తాకే ముందు లిఫ్ట్‌లా నెమ్మదిస్తోంది. రెండు కీఫ్రేముల మధ్య కదలికను బ్లెండర్ మామూలుగా అలాగే మెత్తగా మొదలెట్టి మెత్తగా ఆపుతుంది. పడే వస్తువు చివర్లోనే వేగంగా ఉండాలి కదా. గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీత చివరను నిటారుగా వంచమన్నాను, ఫ్రేములు తగ్గించమన్నాను. కోర్సు మాట తర్వాత చూద్దాం అన్నాను.

ఆదివారం మళ్లీ పంపాడు. బొమ్మకు బరువొచ్చింది. చేతులే, రెండూ ఒకే ఫ్రేములో ఆగిపోతున్నాయి. ఒకదాన్ని రెండు ఫ్రేములు ఆలస్యం చేయమని చెప్పాను.