భారత ప్రదర్శనములు – డి.వి.డి. ప్రతుల నిర్మాణము

2022లో విభజింపబడిన పూర్వపు చిత్తూరు జిల్లాలో ధర్మరాజస్వామి, ద్రౌపదమ్మ ఆలయముల యొద్ద భారత మహోత్సవములు జరుగుట యెల్లరు నెఱిగినదే. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. పెక్కుచోట్ల పదునెనిమిది దినములు. అర్జునుడు తపస్సు మాను నెక్కుట, నేలపై మట్టితో దీర్చిన దుర్యోధనుని బొమ్మ యొద్ద వధాఘట్టము, తుదకు అగ్నిగుండ ప్రవేశము ఇందలి ముఖ్య ఘట్టములు. నేడీ యాటలను ప్రేక్షకులు ఫోనులలో వీడియోలుగా బట్టుచున్నారు. వానిని డి.వి.డి.గా రూపొందించు విధమును, అందు పొంచియున్న నష్టమును ఇచట వివరింప నెంచితిమి.

వీడియో ఫైలును డిస్కుపై నకలు చేసినంత మాత్రమున నది డి.వి.డి. కాజాలదు. 1996లో జపానున వెలువడిన ఈ సాధనమునకు కచ్చితమైన నియమములు కలవు. మన దేశపు పాల్ పద్ధతిలో చిత్రమునకు అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులుండవలెను. సెకనునకు 25 చిత్రములు చొప్పున ఎంపెగ్-2 రూపమున నుండవలెను. ధ్వనికి సెకనునకు 48,000 నమూనాలు సామాన్యము. ఫోనులు తఱచు సెకనునకు 30 చిత్రములు పట్టును. మార్పులో కొన్ని లోపించుటచే నటుని యడుగులు తడబడినట్లు తోచవచ్చును.

సామాన్యమైన డిస్కు 470 కోట్ల బైట్లు పట్టును. సెకనునకు 50 లక్షల బిట్లు వాడినచో రమారమి రెండు గంటల యాట యిముడును. ఆఱు గంటల యాటను ఒక్క డిస్కున నిఱికించినచో సెకనునకు 17 లక్షల బిట్లే దక్కును. అపుడు ముఖమునందలి రంగులు, కిరీటపు తళుకులు అలుకుకొనిపోవును. కావున మూడు డిస్కులుగా జేయుట యుక్తము.

పిదప కూర్పు. డి.వి.డి. స్టైలర్ వంటి ఉచిత సాధనములు ఇందుల కుపకరించును. ఇవి మూడు విధముల ఫైళ్లను సిద్ధపఱచును. వి.ఓ.బి. ఫైళ్లలో చిత్రము, ధ్వని యుండును. ఐ.ఎఫ్.ఓ. ఫైళ్లు గ్రంథమునకు విషయసూచిక వంటివి; బి.యు.పి. ఫైళ్లు ఆ సూచికకు నకళ్లు. ఒక భాగమును 99 అధ్యాయముల వఱకు విభజింపవచ్చును గనుక ప్రవేశదరువు, సంవాదము, యుద్ధము వేర్వేఱుగా గుర్తింపనగును. పద్యపాఠమును తెరపై జూపుటయు సుకరమే. డి.వి.డి.లో ఉపశీర్షికలు బొమ్మలుగా నుండుటచే, యంత్రమునకు తెలుగు లిపి తెలియకున్నను, ఒత్తులు చెదరవు.

అయినను ముఖ్యవిషయ మొకటి కలదు. ఎంపెగ్-2గా మార్చినపుడు కొంత వివరము నశించును. నశించినది తిరిగి రాదు. పరివర్తనము లేఖకుని వ్రాత వంటిది. ప్రతి వ్రాసికొని మాతృకను పాఱవైచిన యెడల పాఠనిర్ణయమునకు తావెక్కడ? తిరుమల సంకీర్తన భాండారమునందలి రాగిరేకులు నిలిచినవి గనుకనే ముద్రితపాఠమును వానితో సరిచూచుకొన గలుగుచున్నాము. ఇంటిలో ముద్రించు డిస్కులకు రాగిరేకుల మన్నిక లేదు. వాని రంగుపూత వేడికిని వెలుతురునకును చెడును. క్రొత్త కంప్యూటర్లలో పెక్కింట వానిని చదువు యంత్రమే యుండదు.

కావున డి.వి.డి. గ్రామమందలి వృద్ధులు ఇంట టెలివిజనులో జూచుకొనుటకు తగిన ప్రతియే గాని మాతృక కాదు. మూల ఫైలును మార్చక, రెండు వేఱు స్థలములందు భద్రపఱచి, ఊరు, తేది, కథాభాగము, నటుల పేర్లు వ్రాసియుంచవలెను. పాడినవారు గతించిన పిదప వారి కంఠమునకు మిగులు సాక్ష్యము అదియే.