వడదెబ్బ నుంచి రక్షణ మన హక్కే.. మరి చట్టం ఎక్కడ? వాతావరణ చట్టం ఎందుకు అడుగుతున్నారంటే..

రోళ్లు పగిలే ఎండలో రోడ్డు పని చేస్తున్న కూలీ వడదెబ్బతో చనిపోతే బాధ్యత ఎవరిది? పని ఆపించాల్సింది ఎవరు? పరిహారం ఎవరిస్తారు? వీటన్నింటికీ ఒకేచోట సమాధానం చెప్పే చట్టం మన దేశంలో లేదు. అందుకే వాతావరణ మార్పులపై జాతీయ చట్టం తేవాలనే డిమాండ్ వినిపిస్తోంది.

సుప్రీంకోర్టు ఏమంది?

కేసు మొదలైంది ఓ పక్షి కోసం. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి బట్టమేక పక్షులు చనిపోతున్నాయంటూ పిటిషన్ వేశారు. 2024 మార్చి 21న అప్పటి సీజేఐ జస్టిస్ డీవై చంద్రచూడ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కింద ప్రజల హక్కేనని తేల్చింది. దీనికంటూ ఒక సమగ్ర చట్టం లేదని కూడా గుర్తుచేసింది.

ఉన్న చట్టాలు చాలవా?

1981 వాయు చట్టం, 1986 పర్యావరణ చట్టం ప్రధానంగా కాలుష్యం గురించి. 2005 చట్టం విపత్తుల గురించి. 2008లో కేంద్రం 8 మిషన్లతో తెచ్చింది ప్రణాళిక మాత్రమే, చట్టం కాదు. 2070 నాటికి నెట్ జీరో సాధిస్తామని ప్రకటించినా, టార్గెట్ తప్పితే ఎవరు జవాబుదారీ అన్నది చట్టంలో రాసి లేదు.

మనకేంటి సంబంధం?

2015 వేసవిలో ఏపీ, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. అయినా 2021-26 కాలానికి కేంద్రం గుర్తించిన 12 విపత్తుల్లో తుఫాను, కరువు, వరదలు ఉన్నాయి కానీ వడగాలులు లేవు. రాష్ట్రాలు కావాలంటే విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఈ వెసులుబాటుతోనే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షలు ఇస్తామంది. అంటే రాష్ట్రం దాటితే రూల్ మారిపోవచ్చు. ఎండ మాత్రం అదే!

చట్టం వస్తే ఏం మారుతుంది?

బ్రిటన్ 2008లోనే ఇలాంటి చట్టం చేసింది. ఐదేళ్లకోసారి ఉద్గారాలకు పరిమితి పెడతారు. అమలు ఎలా ఉందో ఓ స్వతంత్ర కమిటీ పార్లమెంటుకు రిపోర్టు ఇస్తుంది. మన దగ్గర అదొక్కటే సరిపోదు. ఎండలో పనిచేసే కూలీకి, పంట పోయిన రైతుకు రక్షణ కూడా అందులో ఉండాలి. పైగా వ్యవసాయం, ఆరోగ్యం రాష్ట్రాల చేతిలో ఉన్నాయి కాబట్టి వాటిని కలుపుకోకుండా చట్టం నడవదు.

అందుకే బిల్లు ఎప్పుడొచ్చినా ముందుగా చూడాల్సినవి మూడు.. బాధ్యత ఎవరికి అప్పగించారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? హక్కు దెబ్బతింటే సామాన్యుడు ఏ ఆఫీసు తలుపు తట్టాలి?