'టాక్' అను మాట

మన బాలికలు ఆంగ్లము చదువ మొదలిడిన కొలది దినములకే నేర్చుకొను పదములలో 'టాక్' ఒకటి. మాట్లాడుట యని దాని కర్థము చెప్పి యూరకుందురు. అది చాలదని మా యభిప్రాయము.

ఇది కథ యని యర్థమిచ్చు 'టేల్' అను పదమునకు చుట్టము. 'స్పీక్' సభకు తగినది. 'టాక్' వంటయింటికిని, వీధియరుగునకును తగినది. అయినను రేడియో ప్రసంగమును సయితము 'టాక్' అనుట వింతయే! మూకచిత్రములకు మాటలు వచ్చినపుడు దీనినుండియే 'టాకీ' పుట్టినది. 1932లో వెలువడిన 'భక్త ప్రహ్లాద' తొలి తెలుగు టాకీ. ఇప్పుడు క్రొత్త చిత్రమును గూర్చి జనులనుకొను మాటను మనవారును 'టాక్' అనియే యనుచున్నారు.

అసలు చిక్కంతయు దీని వెంట చేరు చిన్నమాటలలో నున్నది. 'టాక్ బ్యాక్' అనగా ఎదురుచెప్పుట. బిడ్డ తల్లికో, సేవకుడు యజమానికో బదులాడినచో నిట్లందురు. తండ్రి కుమార్తెకు బదులాడినచో ననరు. మన మాటయు నట్టిదే గదా! కోడలు ఎదురుచెప్పినదందురు. అత్త కోడలికి ఎదురుచెప్పినదని సోదరీమణులెవరైన విని యుందురా? పెద్దరికముచే నెదుటివారిని తెలివిలేనివారినిగా నెంచి మాటాడుట 'టాక్ డౌన్'. ఎవరు పైవారో, ఎవరు క్రిందివారో యీ చిన్నమాటలే చెప్పివేయును.

'టాక్ ఓవర్' వేరు. ఒక విషయమును కలిసి కూర్చుండి సావధానముగా చర్చించుకొనుట దాని యర్థము. పిల్లల చదువునకును, ఇంటి వ్యయమునకును, సంబంధము నిశ్చయించుటకును ఈ మాట తగును. పదము నేర్పు తల్లులు ఈ మూడింటిని ఒక్కనాడే చెప్పిన మేలు.