మూడు వందల పంక్తుల క్విక్‌చెక్

ఒక జాబితాను తిరగేసి, దాన్నే మళ్లీ తిరగేస్తే మొదటి జాబితా రావాలి. ఈ మాటలో ఏ ఉదాహరణా లేదు. మూడు అంశాలున్న జాబితాకైనా, మూడు వేలున్నదానికైనా, అసలేమీ లేని ఖాళీ జాబితాకైనా ఇది నిజం కావాల్సిందే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, చామర్స్ విశ్వవిద్యాలయంలో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ ఇలాంటి లక్షణాన్ని ప్రోగ్రాముగా రాసి, ఉదాహరణలు పుట్టించే పనిని కంప్యూటరుకే వదిలేశారు. 2000లో వాళ్లు ప్రకటించిన క్విక్‌చెక్ మొత్తం దాదాపు 300 పంక్తులు. హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో రాశారు, హాస్కెల్ ప్రోగ్రాములను పరీక్షించడానికే.

అప్పటికే జావా వాళ్ల దగ్గర జేయూనిట్ అనే టెస్టు పరికరం ఉంది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా ఒక విమాన ప్రయాణంలో మొదలుపెట్టిన పని అది. ఏది ఇస్తే ఏది రావాలో ప్రతి టెస్టులోనూ మనిషే రాయాలి. చిక్కంతా అక్కడే. ప్రోగ్రాము రాసేటప్పుడు తట్టని సందర్భం టెస్టు రాసేటప్పుడు మాత్రం ఎలా తడుతుంది? క్విక్‌చెక్ ఎవరికి ఏం తట్టిందో చూడదు. యాదృచ్ఛికంగా 100 విలువలు పుట్టించి, లక్షణం నిలుస్తుందో లేదో చూస్తుంది.

హాస్కెల్‌లో ఫంక్షన్ అంటే బడిలో లెక్కల మాస్టారు చెప్పిన ప్రమేయమే. ఒకే విలువ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం. వెనకాల ఏ ఫైలూ మారదు. అందువల్ల వందసార్లు నడిపినా ఒక టెస్టు ప్రభావం ఇంకోదాని మీద పడదు. దీనికి తోడు టైపులున్నాయి. ఫంక్షన్‌కు పూర్ణసంఖ్యల జాబితా కావాలని దాని టైపే చెబుతుంది. పూర్ణసంఖ్యను పుట్టించడం ఒకచోట, జాబితాను పుట్టించడం ఒకచోట రాసి ఉంటే చాలు, పూర్ణసంఖ్యల జాబితా కోసం విడిగా ఏమీ రాయనక్కర్లేదు. ఆ 300 పంక్తుల పొదుపు చాలావరకు ఇక్కడినుంచి వచ్చిందే.

అయితే వంద టెస్టులు నెగ్గాయంటే నమ్మేముందు ఆ వందలో ఏమున్నాయో చూడాలి. ఆరోహణ క్రమంలో ఉన్న జాబితాలో కొత్త సంఖ్యను సరైన చోట చొప్పించే ఫంక్షన్‌ను పరీక్షిస్తున్నామనుకోండి. 10 వేర్వేరు సంఖ్యలను 36,28,800 రకాలుగా పేర్చవచ్చు. వాటిలో ఆరోహణ క్రమం ఒక్కటే. కాబట్టి యాదృచ్ఛికంగా పుట్టిన జాబితాల్లో, ఆ క్రమంలో లేనివాటిని వదిలేసే వడపోతకు నిలిచేవి చాలావరకు ఖాళీవి, లేదా ఒకటి రెండు అంశాలున్నవి. టెస్టు నెగ్గుతుంది, పెద్ద జాబితాల మీద పరీక్ష మాత్రం జరగనే జరగదు. క్లాసెన్, హ్యూస్ తమ మొదటి పత్రంలోనే ఈ సంగతి రాశారు. పుట్టిన విలువలను వర్గాలుగా లెక్కపెట్టి చూపే సౌకర్యం కూడా ఇచ్చారు. తమ పరికరం ఎక్కడ మోసపోగలదో తామే ముందుగా చెప్పడం నాకెంతో నచ్చింది.

కొత్తవాళ్లు తరచూ పడే ఉచ్చు ఇంకొకటుంది. హాస్కెల్ కోడును అక్కడికక్కడే నడిపి చూపే జీహెచ్‌సీఐలో టైపు చెప్పకుండా, ఏ జాబితాను తిరగేసినా అదే జాబితా వస్తుందని రాసి చూడండి. అంత తప్పు మాటా 100 టెస్టులూ నెగ్గుతుంది. టైపు చెప్పలేదు గనుక, ఒకే ఒక్క విలువ ఉన్న టైపును అది తీసుకుంటుంది. అన్నీ ఒకేలా ఉన్న వరుసను ఎటు తిప్పినా తేడా ఉండదు.

లక్షణాలతో పాటు చేత్తో రాసిన ఉదాహరణలూ కావాలి కనుక జేయూనిట్ పోలికలతో హెచ్‌యూనిట్ వచ్చింది. చిన్న విలువలన్నిటినీ ఒక్కటీ వదలకుండా ప్రయత్నించే స్మాల్‌చెక్ కూడా వచ్చింది. ఇన్ని రకాల టెస్టులను ఒకచోట నడిపి లెక్క చెప్పేది టెస్ట్ రన్నర్. అన్నీ నెగ్గితే అది సున్నా అనే ముగింపు సంకేతంతో ఆగుతుంది, హాస్కెల్ ప్రాజెక్టులను కట్టే కబాల్ ఆ సున్నానే చూస్తుంది. ఇప్పుడు ఎంపిక ఎక్కువగా హెచ్‌స్పెక్, టేస్టీల మధ్యనే. రూబీలోని ఆర్‌స్పెక్‌ను చూసి చేసిన హెచ్‌స్పెక్‌లో టెస్టులు వాక్యాల్లా చదువుకోవచ్చు. రోమన్ చెప్లియాకా రాసిన టేస్టీలో టెస్టులు చెట్టులా పెరుగుతాయి. ఒక కొమ్మ హెచ్‌యూనిట్, ఒక కొమ్మ క్విక్‌చెక్, కావాలంటే ఇంకో కొమ్మ క్విక్‌చెక్‌ లాంటిదే అయిన హెడ్జ్‌హాగ్. రకరకాల టెస్టులు కలిసే లైబ్రరీకి నేను టేస్టీనే తీసుకుంటాను. ప్రోగ్రాము ఏం చేయాలో టెస్టులు చదివి తెలుసుకునే బృందానికి హెచ్‌స్పెక్ మేలు.

ఏది ఎంచుకున్నా, టెస్టు తప్పినప్పుడు రన్నర్ ఏం చూపిస్తుందో చూడండి. యాదృచ్ఛిక టెస్టు రేపు మళ్లీ అదే విలువను పుట్టిస్తుందన్న హామీ లేదు. అందుకే రెండు రన్నర్లూ తప్పు దొరికిన పరుగు సీడ్‌ను, అంటే ఆ యాదృచ్ఛిక విలువలకు మూలమైన సంఖ్యను, అచ్చువేస్తాయి. అదే సంఖ్య ఇస్తే అదే తప్పు మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. ఆపైన కుదింపు. ఇది క్విక్‌చెక్‌కు తర్వాత చేరిన గుణం. నలభై అంశాల జాబితా దగ్గర తప్పు దొరికితే, అంశాలు తీసేస్తూ, మిగిలిన సంఖ్యలను సున్నా వైపు తగ్గిస్తూ, తప్పు ఇంకా కనిపిస్తూనే, ఇక కుదించడానికి వీల్లేని చిన్న ఉదాహరణ దాకా పోతుంది.

2006లో హ్యూస్, థామస్ ఆర్ట్స్ కలిసి క్యువిక్ (Quviq) అనే కంపెనీ పెట్టి, ఈ ఆలోచనను ఎర్లాంగ్ భాషకు తీసుకెళ్లారు. స్వీడన్ చెల్లింపుల కంపెనీ క్లార్నాలో ఎర్లాంగ్ డేటాబేసు అరుదుగా, ఎందుకో తెలియకుండా పాడవుతుండేది. వారాల తరబడి వెతికినా కారణం దొరకలేదు. ఒకే సమయంలో నడిచే పనులు ఒకదానికొకటి అడ్డుపడటం వల్ల వచ్చే లోపాలవి. క్విక్‌చెక్ వాటిని పట్టి కుదించాక, డేటాబేసులో ఒక్క రికార్డు, ఐదారు ఆదేశాలు మాత్రమే మిగిలాయి.